కూర్చున్నవాడి నడక

నేను ఒక చేతి పట్టీని. మనిషి ఎన్ని అడుగులు వేశాడో, ఎక్కడున్నాడో చెబుతాను. చెప్పగలనని ఫ్యాక్టరీలో నన్ను నమ్మించారు.

మార్కండేయులుకు షుగరు వచ్చిందని అల్లుడు నన్ను కొనిచ్చాడు. ఆయన చీరాల దగ్గర ఒక పేటలో నేతగాడు. పొద్దస్తమానం గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చునే మనిషికి నడవడానికి తీరికెక్కడిది? పోగును దగ్గరికి తోయడానికి ఎడమచేత్తో పలక కొట్టినప్పుడల్లా నేను అది అడుగనుకున్నాను. సాయంత్రానికి శభాష్ అంటూ మోగాను.

"ఏందయ్యా, కూచునే పేటంతా తిరిగొచ్చావా?" అని భార్య భద్రావతి నవ్వింది.

నా అంకెలు చూసి డాక్టరు మెచ్చుకుంటే ఆయన కాదనలేదు. చీవాట్లు తప్పాయి కదా అని మగ్గం మీద నన్ను విప్పడమే మానేశాడు.

వెనక వీధిలో చీరలు నేయించే కోటిలింగాన్ని పట్టపగలు ఇంట్లోనే ఎవరో చంపారు. ముందురోజే నాసిరకం నూలు ఇచ్చాడని మార్కండేయులు ఆయనతో గొడవపడ్డాడు. పోలీసులు నన్ను విప్పి చూశారు. హత్య జరిగిన వేళకు మార్కండేయులు కోటిలింగం ఇంట్లో అటూ ఇటూ నడుస్తున్నాడట. ఆ మాట చెప్పింది నేనే! నాకు దిమ్మ తిరిగిపోయింది. మగ్గం గది ఇనుప రేకుల కింద నాకు ఆకాశంలోని ఉపగ్రహాలు అందవు. తోచినచోట చుక్క పెడతాను. అది అంచనా అని చెప్పుకోవడానికి నాకు నోరు లేదు.

ఆయన మగ్గం దిగనేలేదని భద్రావతి మొత్తుకుంది. పెళ్లాం అలాగే చెబుతుందన్నారు. రోజూ బాగా నడుస్తాడని డాక్టరూ చెప్పాడు. ఆయన్ని జైల్లో పెట్టారు.

విచారణలో ఆయన తరఫు లాయరు పట్టుబడితే, జడ్జి నన్ను మళ్లీ ఆ మగ్గం దగ్గరికి పంపించారు. పోలీసుల కాపలాలో మార్కండేయులు గుంటలోకి దిగి, సగంలో ఆగిన చీర మీద పోగు తీసుకెళ్లే నాడె ఆడిస్తూ పలక కొట్టాడు. ఎస్సై నా లెక్కలు కనబడే ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. అడుగులు పెరుగుతున్నాయి. కాసేపటికి నా చుక్క గోడ దాటి, తిన్నగా కోటిలింగం ఇంట్లోకి వెళ్లింది. ఎస్సై గుంటలో ఉన్న మనిషిని చూశాడు, ఫోన్ చూశాడు, మళ్లీ మనిషిని చూశాడు. ఇంత నిబ్బరంగా అబద్ధమాడి ఈయన్ని ఉరికంబం ఎక్కించబోయానా?

కేసు కొట్టేశాక నన్ను తిరిగివ్వబోతే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దండి. నేను ఇంట్లోనే ఉన్నానని నా పెళ్లాం నెత్తీ నోరూ కొట్టుకుంటే నమ్మలేదు గదా. దీన్ని నమ్మారు. మీ కాడే ఉంచుకోండి."

అలా కోర్టు బీరువాలో మిగిలిపోయాను. చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. నేనెక్కడున్నానో ఇన్నాళ్లకు నాకు కచ్చితంగా తెలుసు.