జీతపు గంటలు, పని గంటలు

అభివృద్ధి చెందిన తొమ్మిది దేశాల్లో మనిషి ఒక గంట పనిచేస్తే ఎంత సరుకు తయారవుతుందో, యాభై ఏళ్ళ పొడవునా పోల్చి గీతలు గీయడం ఆవిడ ఉద్యోగం. గణాంక కార్యాలయంలో అందరూ ఆవిడని గీతలమ్మ అనేవారు. ఏ దేశం ఏ ఏడు ఎక్కడుందో కాగితం చూడకుండా గడగడా చెప్పేసేది మరి.

ఆ రోజు పదకొండింటికి పాత పట్టికలు సరిచూస్తుంటే ఒకచోట ఆవిడ వేలు ఆగిపోయింది. మిగతా ఎనిమిది దేశాలకీ 'పనిచేసిన గంటలు' అన్న వరుస ఉంది. తమ దేశానికి మాత్రం ఆరేళ్ళ కిందటి నుంచీ పక్క వరుస, 'జీతమిచ్చిన గంటలు' ఉంది. సెలవులూ, జబ్బుపడిన రోజులూ అన్నీ పని కిందే జమ అయిపోయాయి. సరుకు అంతే, గంటలు మాత్రం పెరిగాయి. అందుకే తమ గీత ఆ ఏడు మెట్టు తప్పిన మనిషిలా కిందికి జారింది.

ఆ ఏడు ఫారం మారింది. కొత్త ఫారం చూసి ఎక్కించింది తనే.

సరైన వరుసతో మళ్ళీ లెక్క వేసింది. తాము ఎనిమిదో స్థానంలో లేరు, నాలుగులో ఉన్నారు. ఇంకోసారి వేసింది. నాలుగే.

ఆ జారిన గీత మీద ఎన్ని మాటలు నడిచాయి! మనవాళ్ళకి ఒళ్ళు వంగదని పత్రికలు రాశాయి. దాన్ని పెద్దది చేయించి ఫ్యాక్టరీల గోడలకి తగిలించారు. చెల్లెలు పనిచేసే మోటార్ల ఫ్యాక్టరీలో రేకులు కోసే ప్రెస్సు నిమిషానికి పన్నెండు రేకుల నుంచి పద్దెనిమిదికి ఎక్కింది. పోయిన నెల చెల్లెలి పక్క మిషను మనిషికి రెండు వేళ్ళు తెగిపోయాయి.

ఫోను మోగితే ఉలిక్కిపడింది. చెల్లెలే.

"అక్కా, సాయంత్రం పాపని బడి నుంచి నువ్వు తీసుకొస్తావా? నాది రెండింటి షిఫ్టు, ఇవాళ దాంట్లోంచే ఇరవై రెండు చేస్తున్నారంట. ఎప్పుడొదుల్తారో ఏమో."

"ఇరవై రెండా?"

"చెయ్యి తీసేలోపే దిగిపోద్దక్కా ఆ ప్రెస్సు. భయమేస్తోంది." గొంతు తగ్గించి అంది. "సరే, బస్సొస్తోంది, ఉంటా."

గీతలమ్మ కాగితాలు పట్టుకుని డైరెక్టరు గదికి పరుగెత్తింది. ఆయన రెండు వరుసలూ చూశాడు, కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆరు నివేదికల మీదా నా సంతకమేనమ్మా."

"తప్పు నాదని రాసిస్తాను సార్. ముందు మా చెల్లెలి మోటార్ల ఫ్యాక్టరీకి ఒక్క ఫోను చెయ్యండి, రెండింటికి ప్రెస్సు వేగం ఇంకా పెంచుతున్నారు."

"తొందరపడకు. వచ్చే నివేదికలో మెల్లగా సర్దుదాం. ఈ గది దాటిందంటే నీ ఉద్యోగం, నా పింఛను రెండూ గోవిందా."

ఆవిడకి ఉద్యోగమంటే ప్రాణం. బయటికొచ్చి వరండాలో నిలబడింది. గడియారం ఒకటీ పది చూపిస్తోంది. ఏమీ తెలియనట్టు వెళ్ళి తన కుర్చీలో కూర్చోవచ్చు. కూర్చుంది కూడా. కానీ కళ్ళు మూసినా తెరిచినా చెల్లెలి చెయ్యే కనబడుతోంది. కాగితాలు సంచిలో కుక్కుకుని బస్సెక్కింది.

గేటు దగ్గర షిఫ్టు మారుతోంది. నీలం కోట్ల ఆడవాళ్ళ మధ్య చెల్లెల్ని చూసి రెక్క పట్టుకుంది.

"లోపలికెళ్ళకే. ఆ గోడ మీది గీత తప్పు. మీరు వెనకబడలేదు. నేను వేరే వరుస ఎక్కించాను."

మాటలు తడబడ్డాయి. చుట్టూ ఆడవాళ్ళు ఆగిపోయారు. చెల్లెలు కాగితం చూడలేదు, అక్క మొహమే చూసింది.

"ఆరేళ్ళా?" అంది. "ఆరేళ్ళు నువ్వా మమ్మల్ని బద్ధకస్తుల్ని చేసింది?"

ఆ చూపుకి గీతలమ్మకి డైరెక్టరు ముందు కూడా వేయనంత భయం వేసింది.

గొడవ విని సూపర్‌వైజరు వచ్చాడు. "ఎవరండీ మీరు? ఆఫీసు ముద్ర ఉందా దీని మీద?"

"లేదు. నా సంతకం ఉంది."

అతను నవ్వబోయాడు గానీ, ఆడవాళ్ళెవరూ కదలకపోయేసరికి నవ్వు గొంతులోనే ఆగింది. చెల్లెలు గేటు పక్క అరుగు మీద చతికిలబడింది. వెనకే ఒక్కొక్కరూ కూర్చున్నారు. మూడుంపావు దాకా ఫోన్లు నడిచాయి. చివరికి ఇరవై రెండు మాట ప్రస్తుతానికి ఆపేశారు. పద్దెనిమిది మాత్రం పద్దెనిమిదిగానే ఉంది.

మర్నాడు గీతలమ్మ చేతికి సస్పెన్షను కాగితం వచ్చింది. తొమ్మిదో రోజున సవరణ అచ్చయింది, పత్రికలో లోపలి పేజీలో నాలుగు లైన్లు. అన్నాళ్ళూ చెల్లెలు మాట్లాడలేదు. పదో రోజున గుమ్మంలో నిలబడి, "చెప్పులేసుకో" అంది.

తీసుకెళ్ళింది వేళ్ళు పోయిన మనిషి ఇంటికి. ఆవిడ ఎడమచేత్తో బట్టలు మడతపెడుతోంది. గీతలమ్మ అంతా చెప్పింది. తిడుతుందనుకుంది, తిట్టినా బాగుండుననుకుంది.

"అంటే మనం ఎనిమిదోవాళ్ళం కాదా?"

"కాదు. నాలుగు."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

ఆవిడ మడతపెట్టిన చొక్కా విప్పి, మళ్ళీ మొదటినుంచి మడతపెట్టడం మొదలుపెట్టింది. వెళ్ళమనలేదు, కూర్చోమనీ అనలేదు.