చెయ్యెత్తిన చోట

సేఫ్టీ వారోత్సవాలకి ఏటా నినాదాల పోటీ పెట్టేవారు. పోయినేడు ఫస్టు వచ్చిన నినాదాన్ని క్యాంటీన్ గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు కూడా. నెల తిరక్కుండా సామాన్ల బండి వెళ్ళి ఆ గోడనే గుద్దింది, సగం నినాదం రాలిపోయింది. అందుకని ఈ ఏడు ఇంకేదైనా చెయ్యాలని, అచ్యుతాపురంలో ఉన్న ఆ మందుల కంపెనీ హెచ్.ఆర్. మేడమ్ తహ్మీనా నిర్ణయించుకుంది.

ఆమె పినతల్లి కొడుకు అఫ్రీద్ విశాఖపట్నంలో వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో పని చేస్తున్నాడు. చిన్న చిన్న కార్ట్ బండ్లతో పందెం వేసే గేమ్ ఒకటి అక్కడ తయారవుతోంది. దసరాకి గానీ మార్కెట్లోకి రాదు. ఈలోపల ఎవరైనా ఆడి చూసి తప్పొప్పులు చెబితే బాగుండునని అఫ్రీద్ మనుషుల కోసం వెతుకుతున్నాడు. తహ్మీనా దగ్గర మనుషులున్నారు, పదకొండు మంది బస్సు డ్రైవర్లు. బస్సులు మాత్రం వచ్చే వారం నుంచి పదే. పదకొండు మందిలో ఒకణ్ణి తప్పించాలంటే, ఎవర్ని తప్పించినా పక్షపాతం అంటారు. మెషీన్ తప్పించిందనుకోండి, నోరెత్తేవాడు ఉండడు. ఆమె చెడ్డది కాదు. చదువుకున్న మనిషి, అంతే.

నోటీసు పెట్టారు. సోమవారం మొదటి రౌండు, శనివారం రెండో రౌండు. రెండింట్లో ఏది మెరుగైతే అదే లెక్క. అందరికన్నా వెనకబడినవాడు స్పేర్ డ్రైవరు. స్పేర్ డ్రైవరంటే ఎవరికైనా జ్వరం వచ్చేదాకా షెడ్డులో బెంచీ మీద కూర్చునే మనిషి.

మత్స్యరాజు ఆ నోటీసు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. అతను పాడేరు పైన కొండల్లో పుట్టి, ఘాట్ రోడ్డు మీద జీపు నేర్చుకుని, అనకాపల్లి గవరపాలెంలో కాపురం పెట్టినవాడు. పద్నాలుగేళ్ళుగా బుచ్చయ్యపేట రూటు అతనిదే. బుచ్చయ్యపేటలో బయల్దేరి, దారిలో ఆడవాళ్ళని ఎక్కించుకుంటూ, తుమ్మపాల మీదుగా ఊళ్ళోకొచ్చి, ఏడింటికి కంపెనీ గేటులో దింపుతాడు. బండికి ఇన్నేళ్ళలో ఒక్క గీత పడలేదు.

బెంచీ మీద కూర్చోవడం అతనికి అంత కష్టమేం కాదు, జీతం ఎలాగూ ఇస్తారు. అతని బెంగ నూకరత్నం గురించి. తుమ్మపాల దగ్గర రోడ్డుకి కిలోమీటరు లోపల ఆమె ఊరు. పొద్దున్నే గేదె పాలు తీసి, పాలకేంద్రంలో పోసి రావాలి. పాలకేంద్రం తలుపు తెరిచే టైమూ, బస్సు వచ్చే టైమూ ఒకటే. అందుచేత ఆమె రోజూ రెండు నిమిషాలు ఆలస్యంగా, చెరుకు తోట గట్టు మీద చెయ్యెత్తి పరిగెత్తుకుంటూ వస్తుంది. మత్స్యరాజు ఆపుతాడు. ఆ బస్సు తప్పితే కంపెనీకి వెళ్ళే మరో దారి లేదు. నెలకి మూడుసార్లు తప్పితే పనిలోంచి తీసేస్తారు. తను కాక ఇంకెవడు ఆ రెండు నిమిషాలూ ఆగుతాడు? ఆలోచిస్తే మిగిలిన పదిమందిలో ఒక్క ముఖం కూడా తోచలేదు.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్లో పెద్ద తెర కట్టారు. బల్లలన్నీ పక్కకి జరిపి నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆ గేమ్‌కి స్టీరింగు లేదు, పెడళ్ళు లేవు. చేటలో సగం ఉన్న నల్లటి వస్తువొకటి చేతికిస్తారు. దాన్ని రెండు చేతులా పట్టుకుని గాల్లో తిప్పితే తెర మీద బండి తిరుగుతుంది. ముందుకి చాపితే స్పీడు. గుండెల మీదకి లాక్కుంటే బ్రేకు. పందెంలో మిగతా బండ్లని మెషీనే నడుపుతుంది.

మొదట త్రినాధరావు కూర్చున్నాడు. యలమంచిలి రూటు అతనిది. మంచివాడే గానీ రోడ్డు మీద గొయ్యికీ గేదెకీ తేడా చూడడు. ముగ్గుర్ని కాలవలోకి తోసి, ఒక కొబ్బరితోట లోంచి అడ్డంగా పోయి ఫస్టు వచ్చాడు. తహ్మీనా మేడమ్ చప్పట్లు కొట్టి, ఏదో రాసుకుంది.

మత్స్యరాజు వంతు ఆఖర్న వచ్చింది. బస్సు స్టీరింగు అలవాటు కదా, మొదటి మలుపులోనే చెయ్యి మీద చెయ్యి వేసి మూడు చుట్లు తిప్పాడు. చేతిలో వస్తువు తలకిందులై, తెర మీద బండి ఉన్నచోటే గింగిరాలు తిరిగింది. అయినా నిమిషంలో సర్దుకున్నాడు. మలుపుల మీద మలుపులు వస్తున్నా ఘాట్ రోడ్డులో ఆరితేరిన చేతులకి అదో లెక్క కాదు. వెనకవాడు హారన్ కొడితే ఎడమకి జరిగి సైడిచ్చాడు. అలా పోతూ ఉంటే రోడ్డు పక్కన మనుషులు కనబడ్డారు. పందెం చూడ్డానికొచ్చిన జనం, చేతులెత్తి ఊపుతున్నారు.

మత్స్యరాజు వస్తువుని గుండెల మీదకి లాక్కున్నాడు. బండి ఆగింది.

కాసేపు చూశాడు. వాళ్ళు చెయ్యూపుతూనే ఉన్నారు.

"ఎక్కరేటి?" అన్నాడు.

క్యాంటీనంతా గొల్లుమంది. పప్పు వడ్డించే ఆమె గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. అతను బండి కదిపాడు, ఇంకో గుంపు ఎదురైంది, మళ్ళీ ఆపాడు. వాళ్ళు బొమ్మలని అతనికి తెలియక కాదు. ఎత్తిన చెయ్యి కంటబడ్డాక బండి ఆగే లోపల బుర్రకి ఆలోచించే టైము లేదు. మొదటి చుట్టులోనే పంతొమ్మిది చోట్ల ఆగాడు. రెండో చుట్టు మొదలెట్టేలోగా టైము అయిపోయింది. డ్రైవర్లలో పదకొండో స్థానం.

చెయ్యి కడుక్కునే చోట త్రినాధరావు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"బావా, ఆల్లు మనుసులు కారు. బొమ్మలు. సెయ్యూపడమే ఆల్ల డ్యూటీ."

"సెయ్యూపితే ఆపొద్దేటి?"

"ఆపితే నువ్వు బెంచీ మీద కూకుంతావు. నాకు నీ రూటు ఇత్తారు. నీ ఆడోల్లతోటి నానేగలేను బావా. సెనివారం నాటికి నేర్చీసుకో."

మత్స్యరాజుకి సిగ్గేసింది. ఓడిపోయినందుకు కాదు. పద్నాలుగేళ్ళుగా తను గర్వపడుతున్న పనిని చూసి అంతమంది కడుపు పట్టుకుని నవ్వారు. ఇంటికి వెళ్ళేదాకా ఆ నవ్వు చెవుల్లోనే ఉంది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో సాధన మొదలైంది. అతని భార్య బంగారుతల్లి వంటింట్లోంచి వచ్చేసరికి మొగుడు పీట మీద కూర్చుని, స్టీలు కంచాన్ని రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ వంచుతున్నాడు. ఉన్నట్టుండి దాన్ని గుండెలకి హత్తుకున్నాడు.

"ఏటది, కంచాన్ని అలగ అత్తుకుంతన్నావు?"

"బ్రేకు."

"అన్నం తినే కంచానికి బ్రేకేటి?"

సంగతంతా చెప్పాడు. బంగారుతల్లి నవ్వలేదు. కొంగు బొడ్డులో దోపుకుని, నూకరత్నం గురించి మూడు ప్రశ్నలడిగి, వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడింది. "నాను సెయ్యూపుతాను. నువ్వు ఆపకుండా ఎల్లిపో. ఆపేవంటే నీకు కూర నేదు."

ఆమె చెయ్యెత్తింది. కంచం గుండెల మీదకి వెళ్ళిపోయింది.

"ఎందుకాపేవు?"

"నువ్వు సెయ్యెత్తేవు కదే."

మంగళవారం కూర లేదు. బుధవారం కొంచెం వేసింది. తన ముఖం చూస్తుంటే ఆగిపోతున్నాడని ఆమే కనిపెట్టింది. ముఖం చూడొద్దు, రోడ్డు మీద తెల్లగీత ఉందనుకుని దాన్నే చూడమంది. అది పనిచేసింది. మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, చెయ్యి కదులుతున్నట్టు తెలుస్తుంది, కానీ ఎవరో ఏమిటో తెలియదు. గురువారం పదిసార్లలో ఏడుసార్లు ఆపకుండా వెళ్ళిపోయాడు. బంగారుతల్లి రెండు గుడ్లు ఉడకబెట్టింది.

శుక్రవారం సాయంత్రం ఆమె గుమ్మంలోంచి చెయ్యూపింది. అతను కంచం తిప్పుతూ పోయాడు. మళ్ళీ ఊపింది. పోయాడు. నాలుగోసారికి ఆమె దగ్గరికొచ్చి భుజం మీద ఒకటిచ్చింది.

"అన్నానికి రమ్మని పిలుత్తన్నాను. ఆట అయిపోయి సేనా సేపయింది."

"సూడనేదే."

"సూసేవు. సూసీసి ఎల్లిపోనావు." బాగా నేర్చుకున్నాడని ఆమెకి సంతోషం వెయ్యాలి. వేసింది కూడా. కానీ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఒకటి రెండుసార్లు మొగుడి ముఖంలోకి చూసింది.

శనివారం మత్స్యరాజు కుర్చీలో కూర్చోగానే వెనకనుంచి ఎవరో "టికెట్!" అని అరిచారు. అతను తలతిప్పలేదు. వస్తువు ముందుకి చాపి బండి వదిలాడు. మొదటి గుంపు వచ్చింది. తెల్లగీత చూశాడు. గుంపు వెనక్కి పోయింది. రెండోది పోయింది. పదోది పోయింది. రోడ్డుకిరువైపులా ఎన్ని వందల చేతులు లేచాయో, ఒక్కదానికీ ఆగలేదు. సైడు కూడా ఇవ్వలేదు. చివరి మలుపులో ముందున్న బండిని గట్టు మీదకి నెట్టి, మూడో స్థానంలో గీత దాటాడు.

క్యాంటీన్ దద్దరిల్లింది. పప్పు వడ్డించే ఆమె ఈల వేసింది. త్రినాధరావు కుర్చీతో సహా అతన్ని ఎత్తబోయి, నడుం పట్టేసి వదిలేశాడు. సోమవారం పదో స్థానంలో ఉండి, శనివారం కళ్ళు తిరిగి మధ్యలో లేచిపోయిన చిన్నబాబు అనే పాయకరావుపేట రూటు డ్రైవరు ఆఖరివాడయ్యాడు. తహ్మీనా మేడమ్ మత్స్యరాజుకి సర్టిఫికెట్ ఇచ్చింది. దృష్టి మళ్ళించే విషయాలను పట్టించుకోకపోవడంలో నూటికి నూరు శాతం మెరుగుదల అని అందులో రాసి ఉంది. కింద, సురక్షిత డ్రైవర్.

మత్స్యరాజుకి పట్టలేనంత సంతోషమేసింది. బస్సు మిగిలింది. నూకరత్నం రెండు నిమిషాలూ మిగిలాయి. ఆదివారం సంతలో చేరెడు చేప కొని తెచ్చి భార్యకిచ్చాడు. సర్టిఫికెట్‌ని గోడకి ఎక్కడ తగిలించాలా అని ఇద్దరూ చాలాసేపు చూసి, టీవీ పైన తగిలించారు.

సోమవారం పొద్దున్న బుచ్చయ్యపేట నుంచే బస్సులో సందడిగా ఉంది. ఎక్కిన ప్రతి మనిషీ "మా అన్నియ్య గెలిచేడర్రా" అంటూ ఎక్కింది. ఒకామె జీళ్ళు పంచింది. అతనికి కూడా ఒకటి ఇచ్చారు, దవడన పెట్టుకున్నాడు. బస్సులు పదయ్యాక వేసిన కొత్త టైము ప్రకారం ఎక్కడా ఆలస్యం లేదు. చెరుకు తోటల మధ్య రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. నడుమ తెల్లగీత ఈమధ్యనే వేశారు.

తుమ్మపాల దాటి అర కిలోమీటరు వచ్చాక, రెండో సీట్లో ఆమె తన పక్కన పెట్టిన క్యారేజీ సంచీ కేసి చూసింది. రోజూ ఆ చోటు ఆపి ఉంచేది ఆమే.

"అన్నియ్యా, నూకరత్నం రానేదేటీ రోజు?"

మత్స్యరాజు బస్సు ఆపాడు.

రానేదేటి? వచ్చింది. గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. చెయ్యెత్తింది. పాలకేను కూడా ఆ చేతిలోనే ఉంది. అతను అంతా చూశాడు. చూశాడని ఇప్పుడు తెలుస్తోంది. జీడి నోట్లో చేదయింది.

ఒకపక్క కాలవ, ఒకపక్క తోట. అక్కడ బస్సు తిప్పడానికి లేదు, వెనక్కి నడపడానికీ లేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా దిగి, వచ్చిన దారినే నడవడం మొదలెట్టాడు. నడక చాలలేదు. యాభై రెండేళ్ళ మనిషి, చెప్పులు ఒకచోట విడిచేసి పరిగెత్తాడు. ఆమె వెనక్కి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాడు. ఏ గట్టు మీదో కూర్చుని ఏడుస్తూ ఉంటుందనుకున్నాడు. తనని చూసి ఏమంటుందో అన్నీ ముందే వినేశాడు.

నూకరత్నం ఎదురొస్తోంది. వెనక్కి వెళ్ళనేలేదు. బస్సు వెళ్ళిన దిక్కే పట్టుకుని ఎగరొప్పుతూ నడిచి వస్తోంది.

"ఏటన్నియ్యా, బండి పాడైపోనాదా?" అని దూరం నుంచే అడిగింది.

"నేదమ్మా."

"మరంత దూరం పోయి ఆపేవేటి?"

అబద్ధం ఆడొచ్చు, ఆమే అందించింది. కానీ అతనికి నోరు రాలేదు. "నిన్ను సూసేను. సూసీసి కూడా ఎల్లిపోనాను. ఆపనేదమ్మా," అన్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి.

నూకరత్నం అతన్ని ఎగాదిగా చూసి నవ్వేసింది. "సాల్లే అన్నియ్యా, పొద్దున్నే ఏలాకోలాలు. నువ్వు సూసి ఆపకపోడం ఏటి? బ్రేకు పడనేదని సెప్పు. మెకానిక్కుకి సూపించు, అంతమందిని ఎక్కించుకుంతన్నావు." అతను ఇంకేదో అనబోయేలోగా అతన్ని దాటిపోయి, దారిలో పడున్న చెప్పులు కూడా ఏరి తెచ్చి అతని చేతికిచ్చింది.

బస్సు ఎక్కగానే అందరితోనూ చెప్పింది. "బ్రేకు పడనేదంటర్రా, పాపం. అయినా నాకోసం ఎనక్కి పరిగెత్తుకొచ్చేడు."

బస్సంతా పాపం అంది. ఎవరో అతనికి మంచినీళ్ళ సీసా అందించారు. మత్స్యరాజు తన సీట్లో కూర్చుని, బండి కదిపే ముందు కాలుతో బ్రేకు ఒకసారి తొక్కి చూశాడు. బాగానే ఉంది.