కొత్త కండ

"రెండు గంటలకోసారి అటొకసారి ఇటొకసారి తిప్పడమే కదా, అదేమంత పని?" అన్నాడు భర్త పేపరు మడతపెడుతూ. ఫ్యాను రెగ్యులేటరు తిప్పినంత సులువుగా అన్నాడు.

అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయిన దగ్గర్నుంచీ కోడలు ఆ తిప్పడమే చేస్తోంది. ఈడ్చకూడదు, కింద పరిచిన దుప్పటితో సహా కాస్త ఎత్తి జరపాలి. మోకాలు మడిచి, భుజం కింద చెయ్యి వేసి మెల్లగా ఒత్తిగిల్లించాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒకటి, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకొకటి. ఆ పైన పక్కబట్ట మీద ముడత మిగిలిందేమోనని అరచేత్తో తడిమి చూసుకోవాలి. ఇదంతా అయ్యేసరికి ఆమె నడుం ఆమె మాట వినదు. కానీ ఆ నడుం సంగతి ఇంట్లో ఎవరికీ పట్టదు.

ఆమె విత్తనాల పరీక్షశాలలో పనిచేస్తుంది. తడి కాగితాల మీద గింజలు పరిచి, ఎన్ని మొలిచాయో, ఎలా మొలిచాయో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. "గింజలు చూసినందుకు కూడా జీతమిస్తారా?" అని అత్తగారు కాలూ చెయ్యీ ఆడే రోజుల్లో వచ్చినవాళ్ళందరి ముందూ అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఇరవై ఏళ్ళు నవ్వీ నవ్వీ అలవాటైపోయింది.

అత్తగారి కోసం పెట్టిన సెలవులో ఉండగా ఒక ఆదివారం పని పడి పరీక్షశాలకు వెళ్ళక తప్పలేదు. ఆ రోజే చుట్టాలు చూడటానికి వచ్చారు. అమ్మ పడుకుని కనిపిస్తే బాగుండదని భర్తా, ఆడపడుచూ కలిసి మంచం తలవైపు పైకి లేపి, దిండ్లు పెట్టి, ఆవిడను కూర్చోబెట్టారు. అందరూ మహారాణిలా ఉందన్నారు. మహారాణి మాత్రం కొంచెం కొంచెంగా కిందికి జారుతూనే ఉంది. జారినప్పుడల్లా చంకల కింద చేతులు వేసి పైకి లాగుతూనే ఉన్నారు. సాయంత్రానికి నడుం కింద, వెన్ను చివరి ఎముక మీద ఎర్రగా కందింది. ఆడపడుచు తల్లి మీద ప్రేమతో దాని మీద పౌడరు చల్లి, రక్తం ఆడాలని గట్టిగా రుద్దింది. కొన్నాళ్ళకు అక్కడ చర్మం విడిపోయి గుంట పడింది. పడక పుండు అని, కందిన చోట రుద్దకూడదని, ఇంటికి వచ్చే నర్సు చెప్పింది.

"కోడలు ఆఫీసుకి పోయిన రోజే అయింది చూడు," అంది ఆడపడుచు.

దిండ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె ఉద్యోగం మానెయ్యాలని మాత్రం అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. సెలవు ఇవాళ్టితో సరి. రేపు వెళ్ళి పనిలో చేరుతుందో, మానేస్తున్నానని చెప్పి వస్తుందో తేలాలి.

ఆ పొద్దున ఆమె కట్టు విప్పింది. మొదట్లో ఆ గుంట నిండా పసుపుపచ్చటి కుళ్ళు. ఆ వాసనకి అన్నం సయించేది కాదు. నర్సు దాన్ని శుభ్రం చేసి, రోజూ ఎలా కడగాలో నేర్పి వెళ్ళింది. ఇవాళ విప్పి చూస్తే అడుగున ఎర్రగా, తడిగా, సన్నటి రవ్వలు రవ్వలుగా కండ. అంచుల్లో పలచటి గులాబీరంగు చర్మం లోపలికి పాకుతోంది. ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. మొలకలు ఎన్ని వేలు చూసిందో ఆమెకే తెలియదు, కానీ మనిషిలో మొలవడం ఎప్పుడూ చూడలేదు. ఈ మనిషి కుడి చేత్తో చెంచా ఎత్తలేదు. సగం ఒళ్ళు ఎవరి మాటా వినడం లేదు. అయినా ఇంత చీకట్లో, ఎవరూ చెప్పకుండా, ఎవరి మెప్పూ అడగకుండా ఈ ఒళ్ళు తనను తాను కట్టుకుంటోంది. ఇరవై ఏళ్ళు తను భయపడిన ఒళ్ళు ఇదే. ఈ వింత ఎవరికైనా చూపించకపోతే ఉండలేననిపించింది.

"ఏమండీ, ఒక్కసారి ఇలా వచ్చి చూడండి."

అతను గుమ్మం దగ్గరే ఆగి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "కొడుకుని, అమ్మ ఒళ్ళు నేనెలా చూస్తాను? అవి ఆడవాళ్ళు చూసుకునేవి. ఇంతకీ రేపు ఆఫీసులో చెప్పేస్తావుగా?"

జవాబు కోసం ఆగకుండానే అతను వెళ్ళిపోయాడు. పెద్దమనిషి తరహా ఒక్కోసారి ఎంత సుఖమో.

ఆమె గ్లవ్స్ తీసి ఫోనుతో పుండును ఫొటో తీసింది. పైన శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, అటు తిరిగి వచ్చి అత్తగారి కళ్ళ ముందు ఫోను పెట్టింది.

"ఇది... నాదా?" ఆవిడకు మాట ముద్దగా వస్తుంది.

"మీదే అత్తయ్యా. ముందు ఇలా ఉండేది." నర్సుకి పంపడానికి తీసిన పాత ఫొటో చూపించింది.

అత్తగారు ఎడమ చేత్తో ఫోను పట్టుకుని దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూశారు. "నువ్వు... పెంచావా?"

"నేనేం పెంచాను? దాని మీద బరువు పడకుండా చూశానంతే. మీ ఒళ్ళే పెంచుకుంటోంది."

ఆవిడ ఫోను పక్కన పెట్టారు. కోడలి మణికట్టు మీద చెయ్యి వేసి, తనను ఎత్తీ ఎత్తీ వాచిన చోట బొటనవేలితో తడిమి చూశారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ చేతిని చూడటం ఇదే మొదలు.

"రేపు... వెళ్ళు," అన్నారు.

"చెప్పేసి రమ్మంటారా?"

"చేరు." ఊపిరి కూడదీసుకుని గట్టిగా పిలిచారు. "ఒరేయ్."

అతను మళ్ళీ గుమ్మం దాకా వచ్చాడు.

"లోపలికి రా. ఇది... నేర్చుకో."

"నేనా? అది కాదమ్మా, నీ ఒళ్ళు నేను... బాగుండదు."

"ఈ ఒంట్లోంచే... వచ్చావు కదరా."

కోడలు అత్తగారి వంకే చూస్తూ నిలబడిపోయింది. ఆవిడ సగం మొహంలో కదలిక లేదు, ఉన్న సగంలో బెరుకు లేదు. 'లోపలికి రా, నేర్చుకో' అన్న మాట కోడలి నోట ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. వచ్చినా ఎవరూ వినేవారు కారు.

మంచం పక్కన తను రోజూ నిలబడే చోటు వదిలి ఆమె ఇవతలికి వచ్చింది.

"ముందు సబ్బుతో చేతులు కడుక్కుని రండి," అంది భర్తతో. "ఉంగరాలు కూడా తీసెయ్యండి."