ఇంటిపేరు అడిగిన పేజీ

మా బడి పిల్ల మలర్‌విళి నింపిన దరఖాస్తు మూడోసారి మాయమైన రోజే దానికి ఆఖరి రోజు. గడువు సాయంత్రం ఐదు. అప్పటికే నాలుగు దాటింది.

చెన్నిమలైలో మా బడి కంప్యూటర్ గదిని మొన్న ఆవణి మాసం దాకా నా భర్త కదిరేశన్ చూసుకునేవారు. ఆయన పోయాక తాళాలు నాకిచ్చారు. నేను పిల్లలకి చెప్పేది చరిత్ర పాఠం.

కోయంబత్తూరు నర్సింగ్ కాలేజీలో సీటొస్తే మలర్‌కి చదువు. రాకపోతే దుప్పట్ల మగ్గం. పేజీ అంతా నింపి నొక్కగానే ఎర్రగా ‘పేరు సరిగా లేదు’ అని పడేది. ఏ పేరో చెప్పదు. రాసినదంతా తుడిచేసేది.

“దీన్ని చేసినవాడి చేతే ఒకసారి నింపించాలి టీచర్!” అంది ఆమె స్నేహితురాలు పూంగొడి.

“కబుర్లాపి ఆ బూడిదరంగు అక్షరాలు చదివి పెట్టవే. కనబడి చావట్లేదు” అంది మలర్.

ఈసారి గడి గడికీ ఆగాం. ఇంటిపేరు దగ్గర మలర్ ‘ము’ అని రాసింది. తండ్రి ముత్తయ్య పేరులో మొదటి అక్షరం. మా తమిళనాట అందరికీ ఇంటిపేరు బదులు ఉండేది అంతే. ఆ గడి కింద చీమ తలకాయంత అక్షరాల్లో: కనీసం మూడక్షరాలు.

“దొరికింది!” అని అరిచాను. నేనలా అరవడం పిల్లలు ఎన్నడూ వినలేదు.

“నాన్న పేరు మొత్తం రాసేయనా టీచర్?”

“వద్దమ్మా. మార్కుల పత్రంలో లేని పేరు రాస్తే తీసి పక్కన పెడతారు.”

పూంగొడి పేజీ అడుగుకి వెళ్ళి గంతేసింది. “‘తయారీ: రా. ఇళంగో’ అట! మన ఇళంగో అన్నే టీచర్!”

ఇళంగో మా బడి పిల్లవాడే. అతని నంబరు మావారి పుస్తకంలో ఉంటే ఫోన్ చేశాను.

“ఏరా, నీ ఇంటిపేరేమిటి?”

“నాకెక్కడిది టీచర్? రా. ఇళంగో, అంతేగా.”

“నర్సింగ్ కాలేజీకి నువ్వు చేసిన పేజీకి అది చాలదట.”

“అయ్యో! విదేశీ నమూనా తెచ్చి అలాగే పెట్టేశాను. తిట్టండి టీచర్.”

“తిట్లు తరవాత. పదిహేడు నిమిషాలే ఉన్నాయి.”

“సార్ ఉంటే చెవి మెలేసేవారు.”

“ముందు ఆ గడి సంగతి చూడు” అన్నాను.

“తీసేస్తున్నా... అయిపోయింది. నింపమనండి!”

మలర్ వేళ్ళు పరుగెత్తాయి. పూంగొడి అంకెలు చదువుతోంది. అంతా అయింది. నొక్కబోతే, ‘మీకు సాయం కావాలా?’ అంటూ ఒక డబ్బా వచ్చి సరిగ్గా బటన్ మీద కూర్చుంది.

“నువ్వు తప్పుకోవడమే సాయం తల్లీ!” అని పూంగొడి తెరకి దణ్ణం పెట్టింది. దాన్ని మూసే గుర్తు వెతకడానికే ఒక నిమిషం పోయింది.

నాలుగూ యాభై ఏడుకి పచ్చగా దరఖాస్తు సంఖ్య వచ్చింది. పిల్లలిద్దరూ గంతులేసిన ఊపుకి వాళ్ళు కూర్చున్న బల్ల పడిపోయింది. నేను కూడా చప్పట్లు కొట్టాను.

“ఇక ఏ పేజీ అయినా ముందు మన పిల్లల చేత నింపించి, పక్కన కూర్చుని చూశాకే బయట పెడతా. శనివారం వస్తాను టీచర్” అన్నాడు ఫోన్‌లో ఇళంగో.

మూడు శనివారాలు గడిచాయి. అతనింకా రాలేదు.