గంగప్ప టెంకాయ

ఉరవకొండ లైబ్రరీలో తిప్పయ్య చదవని ఆత్మకథ లేదు. ఈ మాట లైబ్రరీవాళ్ళు చెప్పలేదు, తిప్పయ్యే చెప్పుకున్నాడు, టీ అంగడి దగ్గర, రోజుకు రెండుసార్లు. నలభై మంది గొప్పవాళ్ళ బతుకులు తన కడుపులో ఉన్నాయట. ఇక తన బతుకును కవిత్వంగా కట్టడమే మిగిలిందట. కట్టాడు కూడా, పన్నెండు పేజీలు. ఆదివారం వచ్చి చదవమన్నారు లైబ్రరీవాళ్ళు.

డెబ్బై ఏళ్ళ తిప్పయ్యకు ఆదివారమంటే భయం లేదు. భయమంతా వాళ్ళక్క పెద్దక్కతోనే. ఆ బతుకును దగ్గరుండి చూసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె కాదంటే కాగితాలు పొయ్యిలోకే అనుకుని శుక్రవారం పొద్దున ఆమె ఇంటికి పోయాడు.

వసారాలో ఆరుగురు ఆడవాళ్ళు విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నారు. ఒలిచేవాళ్ళ చేత పాటలు పాడించడం అక్కడి రివాజు. పాడే నోట్లోకీ నవ్వే నోట్లోకీ పప్పు పోదు మరి.

"చదువు రా. నీ కవిత్వానికి వీళ్ళ నోళ్ళు ఆగితే నాకు రెండు శేర్ల పప్పన్నా మిగుల్తాది," అంది పెద్దక్క.

తిప్పయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గుడ్డి దీపం, పస్తులున్న పసితనం, ఓపికకు మారుపేరైన తల్లి. మొదటి పేజీకి ఒక దవడ ఆడింది. మూడో పేజీకి ఆరు దవడలూ ఆడాయి. చివరికి పెద్దక్క కూడా తన పప్పు తానే నోట్లో వేసుకుంది.

"మనమ్మకు ఓపికా? తెడ్డుతో కొట్టిన మచ్చ నీ వీపు మీద ఇంకా ఉండాది. ఎవరమ్మరా ఈమె?"

"ఆత్మకథల్లో అమ్మలంతా అట్లే ఉంటారక్కా."

కాయలొలిచే సువార్త తలెత్తింది. "అన్ని కతలు చదివినావంట గదా తాతా. వాళ్ళంతా పెద్దయినంక ఏమైనారు?"

తిప్పయ్య అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకేం తెలుసమ్మా. ఒక్కదాంట్లోనూ పదో పేజీ దాటలేదు నేను. ఆడికే నిద్ర పట్టేస్తాది."

అందరూ నవ్వారు. దవడలు ఆగిన సంగతి తిప్పయ్య కనిపెట్టాడు. కాగితాలు పక్కన పెట్టేశాడు.

"అక్కా, మీ చేన్లో బోరు ఏసిన దినం గ్యాపకం ఉండాదా? నీళ్ళు చూసే గంగప్ప అరచేతిలో టెంకాయ పెట్టుకోని చేనంతా తిరిగినాడు. అది లేచి నిలబడిన చోట్నే దాన్ని గుర్తుగా పెట్టి, బోరు లారీ వచ్చేదాకా కాపలా ఉండమని నాకు చెప్పి పోయినాడు."

"ఆ చోటనే గదా నీళ్ళు పడింది."

"మద్దేనమైనా లారీ రాలేదు. ఆకలికి తాళలేక టెంకాయ కొట్టుకోని తినేసినా. ఇంక గుర్తు యాడుంది? కానుగ చెట్టు నీడలో పండుకోనుంటే లారీవాళ్ళు వచ్చి, యాడప్పా అన్నారు. ఈడే అంటి. మూడించుల నీళ్ళు లేచినాయి."

కాయలు చిట్లే చప్పుడు కూడా ఆగిపోయింది. పెద్దక్క చేతిలోని కాయను ఒళ్ళో పడేసింది.

"ఆ గంగప్పకు ఏడాదికొక కోడిపుంజు ఇచ్చినా గదరా, సచ్చేదాకా."

"ఆ కూరకు ప్రతిసారీ నన్నూ పిలిచేవాడక్కా."

పెద్దక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు, ఒళ్ళోని కాయలన్నీ నేల మీద దొర్లాయి.

"ఇది రాయి. ఆ ఓపికమ్మను తీసేసి మనమ్మను పెట్టు, తెడ్డుతో సహా."

ఆదివారం తిప్పయ్య అదే చదివాడు. ముందు వరుసలో పెద్దక్క ఒళ్ళో శనక్కాయల పొట్లం విప్పకుండా అట్లే ఉంది. ఊరికి తిరిగొచ్చేటప్పుడు బస్సులో విప్పింది.

"మూడించులు యాడివిరా? పడింది ఒకటిన్నర గదా."

"మొన్ననే అడగకపోతివే?"

"అడిగితే తగ్గిస్తావేమోనని."

తిప్పయ్య ఆమె పొట్లంలో చెయ్యి పెట్టాడు. "పైన ఒకటిన్నర నేను పోసిందేలే అక్కా. తక్కిందంతా నిజమే."