మాసమ్మ పెట్టెలోని చీర

దగ్గరికి జరగండమ్మా, ఆ టీవీ కాస్త ఆపి ఇటు వినండి. చిక్కడపల్లి బస్తీలో మాసమ్మకు మనవడు పుట్టిన ఎనిమిదో రోజు సంగతి ఇది. నారాయణగూడలో ఓ చిన్న ల్యాబులో రక్తం తీసే నర్మద ఆ రోజు ఎన్ని మాటలు పడిందో!

బిడ్డ పసుపు కొమ్ములా పచ్చబడ్డాడు. పాలు తాగడం లేదు. అశోక్‌నగర్ పిల్లల డాక్టరమ్మ పరీక్షలు రాసి పంపింది. నర్మద మడమలో పొడిచి నాలుగు చుక్కలు పిండింది. మిషన్లో తిప్పాక పైన తేలే నీరు లేత పసుపుగా ఉండాలి. ఎర్రగా తేలింది. ఆరు లోపు ఉండాల్సిన పొటాషియం ఏడు దాటింది.

ల్యాబు యజమాని భానుప్రకాశ్ కాగితం విసిరికొట్టాడు. "చెయ్యా, రోకలా అది? అలా పిండితే కణాలు పగలవూ? మళ్లీ తియ్యి."

సూది చూడగానే మాసమ్మ లేచింది. "జలగవా ఏందే నువ్వు? జానెడు పోరని నెత్తురంత తాగుతవా?" అంటూనే కోడలు భాగ్యశ్రీ మీదికి తిరిగింది. "నీ పాలల్లనే ఉంది రోగం!"

"నోరు మూస్కో అత్తా. తియ్యనియ్యి," అంది భాగ్యశ్రీ.

ఈసారి నర్మద చేతి నరంలోంచి మెల్లగా లాగింది. అయినా అదే ఎరుపు, అదే పొటాషియం. అంటే కణాలు పగులుతున్నది గొట్టంలో కాదు, బిడ్డ ఒంట్లోనే. ఎర్రకణమంటే పొటాషియం దాచుకున్న చిన్న సంచి. ఇనుముకు తుప్పు పట్టినట్టు దాని గోడ చెడితే లోపలిది బయటికి కారుతుంది. అది మితిమీరితే గుండె ఆగుతుంది.

ఆ తుప్పు ఎక్కడిది? పాత చీరలో చుట్టిన బిడ్డ మీదికి వంగిన నర్మద ముక్కుకు ఘాటు తగిలింది.

"ఈ చీర ఏడిది పెద్దమ్మా?"

"నాదే. ఇరవయ్యొక్క దినాలు కొత్తబట్ట కట్టొద్దు. దీనికోసమే పెట్టెల దాచిన."

"డాంబర్ గోలీలేసి?"

"వెయ్యకుంటే పురుగు కొట్టదా?"

"ఉతికినవా మరి?"

"ఉతికితే మెత్తదనం పోతదని గట్లనే చుట్టిన. ఏంది, నా మనవణ్ని నేనే సంపుతున్ననా?"

"అవును."

చెంప చెళ్లుమంది. నర్మద చెంప కూడా తడుముకోలేదు. చీర లాగి గుమ్మం బయట పారేసి, బిడ్డకు తన చున్నీ చుట్టి డాక్టరమ్మకు ఫోన్ కలిపింది.

"ఈ రిపోర్టు మీద నేను సంతకం పెట్టను," అన్నాడు భానుప్రకాశ్.

"పెట్టకుండ్రి సార్. నోటితోటే చెప్త."

ఆ నాఫ్తలీన్ గోలీల ఘాటును తట్టుకునే శక్తి కొందరు మగపిల్లల కణాల్లో పుట్టుకతోనే తక్కువట. ఆ పూటే ఆసుపత్రిలో బిడ్డ ఒంట్లో రక్తం మార్చారు. బతికాడు.

మాసమ్మ మాత్రం క్షమించమని అడగలేదు. ఇప్పటికీ ఆ ల్యాబు ముందు నర్మద కనబడితే మొహం తిప్పుకుంటుంది. కానీ బస్తీలో ఎవరికి కాన్పయినా పిలవకుండానే వెళ్లి, పెట్టెలోంచి తీసిన ప్రతి బట్టా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. గోలీ వాసన తగిలిందా, ఆ ఇంటివాళ్లను దుమ్మెత్తిపోస్తుంది.

మీరూ ఇది మనసులో పెట్టుకోండమ్మా. మీ వాకిట్లో పసిబిడ్డ ఏడుపు వినబడిన రోజున ఈ మాట చెప్పండి, మాసమ్మలా తిట్టి చెప్పినా సరే.