లక్క చుక్కలు

కంప్యూటర్ మీది గుడ్డ తీసి, దులిపి, మళ్లీ కప్పాడు లియాఖత్ అలీ. గుమ్మం దగ్గర చెప్పులు విడవని వాళ్లను కసురుకోవడం, ఆ గుడ్డను శుక్రవారం శుక్రవారం ఉతకడం. రెండేళ్లుగా కొల్లాపూర్ బడిలో ఈ అటెండరుకు అదే పెద్ద పని. గుడ్డ కింది యంత్రానికి మాత్రం ఏ పనీ లేదు. చూపు లేని పిల్లల కోసమని ఎవరో ఉచితంగా ఇచ్చిపోయారు. బటన్ నొక్కితే అక్షరం పైకి పలుకుతుంది. పలికితే అరిగిపోతుందనేమో, హెడ్మాస్టరు గోపయ్య దాన్ని పక్కగదిలో పెట్టి తాళం వేయించాడు.

బడిలో చూపు లేనిది మంజులత ఒక్కతే. గోడ పట్టుకుని రోజూ ఆ గుమ్మం దాకా వచ్చేది. లియాఖత్ రోజూ చీపురు నేలకేసి కొట్టి తరిమేవాడు. వంగిన వీపు, పాన్ మరకల ఖాకీ చొక్కా. పరీక్ష కాగితాల కట్టలకు ముప్పై ఏళ్లు లక్క ముద్రలు వేసి కాలిన వేళ్లు. పిల్లలకు అతడంటే పడదు, అతడికీ పిల్లలంటే పడదు.

తొంభై ఎనిమిది జనవరిలో ఆ శనివారం అతడి నౌకరీకి ఆఖరు రోజు. గోపయ్య రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"మంజులత పేరు సోమవారం కొట్టేస్తున్న. మూడేండ్లాయె, ఒక్క అక్షరం రాలె. గుడ్డిదానికి బడెందుకు?"

"గా డబ్బా గా పిల్ల కోసమే ఒచ్చింది గద సార్?"

"అది ఖరాబైతే నీ పింఛన్ల కోస్త. చెయ్యి పెట్టకు."

లియాఖత్‌కు ఒళ్లు మండింది. సగం గోపయ్య మీద, సగం తన చీపురు మీద.

మధ్యాహ్నం గోపయ్య భోజనానికి పోగానే తాళం తీసి మంజులతను పిలిచాడు. ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది.

"కొట్టవు గద తాతా?"

"కొట్ట. రా బిడ్డా."

సిగ్గుతో చచ్చిపోయాడు.

యంత్రం బిగించిన రోజు చూసిన గుర్తుతో స్విచ్చి వేశాడు. కానీ బటన్లన్నీ ఒకే తీరుగా నున్నగా ఉన్నాయి. ఏది ఏదో ఆమె వేలికి తెలియడం లేదు. బీరువాలోంచి లక్క, కొవ్వొత్తి తెచ్చాడు. ఒక బటన్ మీద చిన్న చుక్క, ఇంకోదాని మీద రెండు, ఆ తర్వాత మూడు, నాలుగు. ఆరాక ఆమె వేలు పెట్టించాడు.

యంత్రం "అ" అంది. మంజులత ఉలిక్కిపడి మళ్లీ నొక్కింది. ఈసారి తానూ "అ" అంది.

గోపయ్య వచ్చేసరికి నాలుగక్షరాలూ తడిమి చెబుతోంది.

"నాశనం చేసినవ్ గద!"

లియాఖత్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"నా పింఛన్ల కోసుకోండ్రి సార్. అచ్చరం రాలేదంటిరి, ఇప్పుడు అడుగుండ్రి."

గోపయ్య అడగలేదు. సాయంత్రం వీడ్కోలు దండ కూడా తెప్పించలేదు. లియాఖత్ అన్నం గిన్నె చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచిపోయాడు.

సోమవారం గోపయ్య మంజులత పేరు కొట్టేశాడు. ఒక్క గీత సరిపోయింది. తర్వాత స్కేలు అంచుతో, గోళ్లతో బటన్లను గీకుతూ కూర్చున్నాడు. గంట కొట్టినా లేవలేదు. గీతలు పడ్డ ఆ బటన్ల మీద లక్క చుక్కలు ఎర్రగా అట్లాగే ఉన్నాయి.